నల్లమల కాలిబాట

కర్నూలు జిల్లా పశ్చిమ భాగమున ఆదోని, ఎమ్మిగనూరు అను పట్టణములు కలవు. ఆదోని పత్తి వ్యాపారమునకును, ఎమ్మిగనూరు చేనేతకును పేరుగాంచినవి. వాని చుట్టును విశాలమైన రేగడి చేలు వ్యాపించియున్నవి. ఎండకాలము వచ్చినచో అచ్చట నీడనిచ్చు చెట్టు అరుదు. అట్టి ఎండలో, ఉగాదికి ముందు దినములలో, ఈ ఊళ్ల బాటలు జనముతో నిండును. కన్నడ దేశమునుండి శ్రీశైలమునకు కాలినడకన పోవు యాత్రికులు గుంపులు గుంపులుగా ఈ దారిన వత్తురు. భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా తలచి చీర, పసుపు, కుంకుమ తెచ్చువారును వారిలో కలరు. మ్రొక్కు తీర్చుకొనుటకై కొందరు కొయ్యకాళ్లపై నడతురు. దారిపొడవున గ్రామస్థులు వారికి మజ్జిగ ఇచ్చి, అన్నము పెట్టి ఆదరింతురు.

ఈ ప్రాంతమునకు కన్నడ దేశముతోడి పొత్తు నేటిది కాదు. 1953 వరకు ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలోనిదే. ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు అది కర్నూలు జిల్లాలో చేరెను. ఎల్లలు మారినను బాట మారలేదు.

యాత్రికులు కర్నూలు దాటి ఆత్మకూరు చేరుదురు. 2022 లో జిల్లాలను విభజించినప్పటినుండి ఆత్మకూరును, శ్రీశైలమును నంద్యాల జిల్లాలోనివి. సమీపముననున్న వెంకటాపురము దాటగానే చేలు ముగిసి నల్లమల అడవి మొదలగును. అంతవరకు పగలెల్ల ఎండలో మాడినవారికి ఆ అడవిలోని మొదటి నీడ తల్లి ఒడివలె తోచును.

ఈ బాట మిక్కిలి పురాతనమైనది. 14వ శతాబ్దమున రెడ్డిరాజ్య స్థాపకుడైన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకు మెట్లు కట్టించి కీర్తి గాంచెను. 1830 లో ఏనుగుల వీరాస్వామి చెన్నపట్టణమునుండి కాశికి పోవుచు ఈ దారినే శ్రీశైలము దర్శించెను. ఆయన రచించిన ‘కాశీయాత్ర చరిత్ర’లో నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను అను మజిలీల ప్రసక్తి కలదు. ఆనాడు ఈ సీమ కర్నూలు నవాబు ఏలుబడిలో నుండెను. యాత్రికులు నవాబునకు పన్ను చెల్లించి అడవిలో ప్రవేశించెడివారు.

వేకువజామున బయలుదేరిన బాటసారికి మొదట నాగలూటి ఎదురగును. అచ్చట పాత వీరభద్రాలయము కలదు. అటుపిమ్మట ఇరువైపులను టేకు, నల్లమద్ది, చిరుమాను, తునికి, వెదురు దట్టముగా పెరిగియుండును. అది ఆకురాలు కాలము. కాలు మోపినచోటనెల్ల ఎండుటాకులు గలగలలాడును. ఆకులు లేని మోదుగచెట్లు ఎఱ్ఱని పూలతో నిండి దూరమునకు నిప్పువలె కనబడును. పెద్దచెరువు వద్ద చెంచుల గూడెము కలదు. తేనె, దుంపలు, మూలికలు సేకరించి జీవించు చెంచులకు ఈ అడవిలోని ప్రతి జాడయు తెలియును. మల్లికార్జునుడు చెంచుకన్యను పెండ్లాడెనని చెప్పుకొని, వారాయనను చెంచుమల్లయ్య అని కొలుతురు.

భీముని కొలను లోతైన లోయలో నున్నది. అందులోనికి మెట్లు దిగవలెను. మరల ఆవలివైపు నిటారైన మెట్లెక్కవలెను. ఆ ఎక్కుడు ముగిసినచోట కైలాసద్వారము కలదు. మోకాళ్లు వణకుచుండ అచ్చటికి చేరినవారు తమ కష్టమెల్ల గట్టెక్కినదని సంతోషింతురు. అచ్చటినుండి శ్రీశైలము దూరము కాదు. మిక్కిలి బలముగలవారు ఒక్క పగటిలో చాలదూరము నడతురు. తక్కినవారు నడుమ ఒక రాత్రి విశ్రమింతురు.

ఈ దారిలోని మజిలీల పేర్లను గమనింపుడు: దామెర్లకుంట, పెద్దచెరువు, మఠంబావి, భీముని కొలను. కుంట, చెరువు, బావి, కొలను — అన్నియు నీటి పేర్లే. నీరున్న తావునుండి నీరున్న తావునకు పూర్వులు నడచిరి. ఆ నడకయే బాటయైనది. ఆ నీటిని నిలుపునది అడవియే. చెట్ల వేళ్లును, రాలిన ఆకులును వాననీటిని పట్టి నేలలోనికి ఇంకించును. అడవి నశించినచో కుంట ఎండును. కుంట ఎండినచో బాటయు నిలువదు.

పూర్వము యాత్రికుడు అడవికి వెఱచెడివాడు. నేడు అడవియే యాత్రికునికి వెఱవవలసిన స్థితి వచ్చినది. నల్లమలలోని ఈ భాగము 1978 లో వన్యప్రాణి సంరక్షణ కేంద్రమై, 1983 లో పులుల సంరక్షణ పథకములో చేరినది. పులి, ఎలుగు, కణుజు, దుప్పి మున్నగు మృగములకు ఇది నెలవు. ఉగాది నాటికి కుంటలలో నీరు తగ్గియుండును. మనుష్యులు దప్పి తీర్చుకొను ఆ నీటికే మృగములును రావలెను. వేలకొలది జనము గట్టున విడిసి కేకలు వేయుచున్నచో దప్పిగొన్న దుప్పి పొదచాటునుండియే వెనుదిరుగును. ఆర్పక విడిచిన ఒక్క పొయ్యి, పారవేసిన ఒక్క చుట్టపీక ఎండుటాకులనంటుకొని కొండను కాల్చగలదు. ప్లాస్టిక్ సంచిని ఆహారమనుకొని మ్రింగిన జంతువు ప్రాణము కోల్పోవచ్చును.

కనుకనే అటవీశాఖవారు పండుగ దినములలో మాత్రమే యాత్రికులను ఈ బాటను పోనిత్తురు. ఆ నియమములు భక్తికి అడ్డుగోడలు కావు. చెట్టునీడ విలువ రేగడి చేలలో నడచి వచ్చినవానికి ఎవరును చెప్పనక్కరలేదు. తాను త్రాగిన కుంటను అతడు తరువాత వచ్చువానికై నిర్మలముగా విడువవలెను. ఆ తరువాత వచ్చునది మనుష్యుడే కానక్కరలేదు.

ప్రశ్నలు

1. యాత్రికులు వచ్చు కాలమున ఆదోని, ఎమ్మిగనూరు బాటలు ఎట్లుండును?
2. మజిలీల పేర్లవలన ఏమి తెలియుచున్నది?
3. ‘అడవియే యాత్రికునికి వెఱవవలసిన స్థితి వచ్చినది’ — వివరింపుడు.