తాళం – తాళంచెవి

ఉద్దేశం

కంప్యూటరులోని ఫైళ్ళను ఇతరులు చదవకుండా కాపాడే చిన్న ప్రోగ్రాములను పరిచయం చేయడం, రహస్యాన్ని కాపాడేది పద్ధతి కాదు, తాళంచెవి అని తెలియజేయడం, పదుగురి పరీక్షకు నిలిచిన విద్యయే నమ్మదగినదని విద్యార్థులకు బోధపరచడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

అనంతపురం జిల్లాలోని బెళుగుప్ప వాన కోసం ఎదురుచూసే మెట్టప్రాంతపు ఊరు. అక్కడి రైతు కుటుంబానికి వేరుశనగ చేను ఎంత ఆధారమో, ఆ చేని కాగితాలూ అంతే ఆధారం. పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్ కార్డు, బ్యాంకు ఖాతా పుస్తకం, పంట బీమా రశీదు వంటివి ఒకప్పుడు ఇంటిలోని ట్రంకుపెట్టెలో ఉండేవి. పెట్టెకు తాళం ఉండేది. తాళంచెవి ఇల్లాలి కొంగుముడిలో ఉండేది. నేడు ఆ కాగితాల నకళ్ళు పెన్‌డ్రైవులో, నెట్‌సెంటరు కంప్యూటరులో, బంధువుల సెల్‌ఫోనులో ఉంటున్నాయి. పెట్టె మారింది కాని తాళం మాత్రం వెంట రాలేదు.

ఆ ఊరి నుండి కళాశాలకు వచ్చే ఒక విద్యార్థి తన ఇంటి కాగితాలన్నింటినీ పెన్‌డ్రైవులో దాచుకొని, కళ్యాణదుర్గం బస్సులో దానిని పోగొట్టుకున్నాడనుకుందాం. అది దొరికిన వ్యక్తి మంచివాడైతే తిరిగి ఇస్తాడు. కాకపోతే ఆ కుటుంబపు ఖాతా సంఖ్యలు, సంతకాలు, భూమి వివరాలు పరుల చేతికి చిక్కినట్లే. పెన్‌డ్రైవు ఖరీదు స్వల్పం. పోయిన కాగితాల విలువ అనల్పం. ఈ ఆపదకు విరుగుడే గుప్తీకరణం, అనగా చదవదగిన రాతను తాళంచెవి ఉన్నవారు తప్ప ఇతరులు చదవలేని రూపంలోనికి మార్చడం.

మన పూర్వులకు రహస్యలేఖనం కొత్త కాదు. గూఢచారులు సంకేతలిపి ద్వారా వార్తలు పంపాలని కౌటిల్యుని అర్థశాస్త్రం చెబుతుంది. వాత్స్యాయనుడు పేర్కొన్న అరువదినాలుగు కళలలో మ్లేచ్ఛితవికల్పం ఒకటి. ఒక అక్షరానికి బదులు మరొక అక్షరాన్ని నియమం ప్రకారం వాడి, మాటను మరుగుపరచడం అందులోని కిటుకు. అయితే అటువంటి పద్ధతులలో ఒక లోపం ఉంది. నియమం ఒక్కసారి బయటపడితే, ఆ పద్ధతిలో రాసిన లేఖలన్నీ బయటపడినట్లే.

ఇక్కడ మరొక భేదాన్ని గుర్తించాలి. కటపయాది సంఖ్యాపద్ధతిలో ప్రతి హల్లుకు ఒక అంకె ఉంటుంది. ‘ధీరశంకరాభరణం’ అనే రాగనామంలోని మొదటి రెండక్షరాలలో ‘ధ’కు 9, ‘ర’కు 2. ఆ అంకెలను తలక్రిందులు చేస్తే 29 వస్తుంది. అది మేళకర్తలలో ఆ రాగపు సంఖ్య. ఇది చక్కని సంకేతం కాని రహస్యం కాదు. సూత్రం తెలిసిన ప్రతివారూ దానిని విప్పగలరు. రూపం మారినంత మాత్రాన రహస్యం కాదని, విప్పడానికి ఒక ప్రత్యేకమైన తాళంచెవి అవసరమైనప్పుడే అది గుప్తీకరణమని దీనివలన తెలుస్తుంది.

ఈ సత్యాన్ని 1883లో అగస్ట్ కెర్కాఫ్స్ స్పష్టంగా ప్రతిపాదించాడు. ఆయన వృత్తిరీత్యా భాషోపాధ్యాయుడు. పద్ధతి శత్రువు చేతికి చిక్కినా కీడు కలుగరాదని, దాచవలసినది తాళంచెవి ఒక్కటేనని ఆయన సిద్ధాంతం. బజారులో అమ్మే తాళం ఎలా పనిచేస్తుందో చేసినవాడికి తెలుసు, అమ్మినవాడికి తెలుసు. అయినా మన ఇల్లు భద్రంగానే ఉంటుంది. కారణం, చెవి మన దగ్గర ఉండడమే.

నేటి గుప్తీకరణ ప్రోగ్రాములు ఈ సూత్రంపైనే నిలిచి ఉన్నాయి. వాటిలో కొన్ని కమాండ్‌లైన్ ప్రోగ్రాములు. వీటికి బొమ్మలు, బొత్తాములు ఉండవు. నల్లని తెరపై ఒక ఆదేశాన్ని టైపు చేస్తే పని జరుగుతుంది. ఉదాహరణకు ‘జీపీజీ’ అని రాసి, ఒక ఖాళీ విడిచి, చిన్న గీతను, దానికి ఆనుకొని ‘సీ’ అనే ఆంగ్లాక్షరాన్ని, మరల ఖాళీ విడిచి ఫైలు పేరును రాస్తే, ఆ ప్రోగ్రాము రహస్యవాక్యాన్ని అడిగి, తాళం వేసిన కొత్త ఫైలును తయారుచేస్తుంది. లోపల జరిగే పని మూడంచెలది. మొదట రహస్యవాక్యానికి కొన్ని యాదృచ్ఛిక అంకెలను చేర్చి, ఆ మిశ్రమాన్ని అనేక పర్యాయాలు గణితంతో మథిస్తుంది. ఆ మథనం నుండి తాళంచెవి పుడుతుంది. ఆ చెవితో ఫైలును ముక్కలు ముక్కలుగా మార్చివేస్తుంది. 128 బిట్ల తాళంచెవికి ఉండగల రూపాల సంఖ్యను రాయాలంటే 39 అంకెలు కావాలి. ఒక్కొక్క చెవినీ పెట్టి చూసి ఆ తాళం తెరవడం మానవమాత్రులకు సాధ్యం కాదు.

ఇటువంటి ప్రోగ్రామును రాసినవారు దాని సోర్స్‌కోడును, అనగా మూలపాఠాన్ని, దాచుకోక లోకానికి పంచడం ఆనవాయితీ. దీని వెనుక ఒక పోరాటం ఉంది. 1991లో అమెరికాకు చెందిన ఫిల్ జిమ్మర్‌మన్ పీజీపీ అనే ప్రోగ్రామును రాసి ఉచితంగా పంచాడు. అది దేశపు ఎల్లలు దాటింది. అప్పటి అమెరికా చట్టాలు బలమైన గుప్తీకరణను ఆయుధ సామగ్రితో సమానంగా పరిగణించేవి. అందువలన 1993లో ఆయనపై నేరవిచారణ మొదలైంది. 1995లో ఆ ప్రోగ్రాము మూలపాఠమంతా ఎం.ఐ.టి. ప్రెస్ ద్వారా అచ్చుపుస్తకంగా వెలువడింది. ప్రోగ్రామును ఎగుమతి చేస్తే నేరం కావచ్చు, కాని పుస్తకాన్ని ఎగుమతి చేస్తే నేరమెలా అవుతుంది? 1996లో ప్రభుత్వం ఎటువంటి అభియోగమూ మోపకుండానే విచారణను విరమించింది. ఆపై 1999లో జర్మనీకి చెందిన వెర్నర్ కోచ్ కృషితో జీపీజీ తొలి పూర్తిరూపం వెలువడింది.

మూలపాఠాన్ని పంచడం కేవలం ఔదార్యం కాదు, అది పరీక్షకు నిలవడం. అమెరికా ప్రమాణాల సంస్థ 1997లో కొత్త గుప్తీకరణ పద్ధతి కోసం బహిరంగ పోటీ ప్రకటించింది. 15 పద్ధతులు బరిలో నిలిచాయి. ప్రపంచపు గణితవేత్తలు ఎందరో వాటిని బద్దలు కొట్టడానికి ప్రయత్నించారు. చివరకు 2000లో బెల్జియం పండితులైన జోన్ డేమన్, విన్సెంట్ రైమెన్‌ల పద్ధతి ఎంపికై, 2001లో ఏ.ఇ.ఎస్. అనే ప్రమాణంగా వెలువడింది. అవధానికి పృచ్ఛకులు ఎంత అవసరమో, గుప్తీకరణకు విమర్శకులు అంత అవసరం.

అయితే మూలపాఠం తెరచి ఉంచినంత మాత్రాన దోషాలు తమంతట తాము తొలగిపోవు. చదివేవారు ఉండాలి. 2006లో డెబియన్ అనే లినక్స్ వ్యవస్థలో ఒక గుప్తీకరణ ప్రోగ్రాము నుండి కొద్ది పంక్తుల మార్పు జరిగింది. దానివలన యాదృచ్ఛికంగా పుట్టవలసిన తాళంచెవులు సులభంగా ఊహించదగినవి అయ్యాయి. ఆ దోషం 2008 మే నెలలో గాని వెలుగు చూడలేదు. మూలపాఠం బయట ఉన్నందున దానిని ఎవరైనా పరిశీలించే వీలుంది. చదివేవారు కొరవడినందువల్లనే రెండేళ్ళు ఆలస్యమైంది. ప్రోగ్రాము చిన్నదిగా ఉండడం ఇందుకే మేలు. పది పుటల గ్రంథాన్ని పదిమంది చదువుతారు. పదివేల పుటల గ్రంథాన్ని చదివేవారు అరుదు.

మన రాష్ట్రాలలోనూ ఈ విద్యకు నెలవులున్నాయి. హైదరాబాదులో రిజర్వు బ్యాంకు 1996లో నెలకొల్పిన ఐ.డి.ఆర్.బి.టి. బ్యాంకింగ్ రంగపు సాంకేతిక భద్రతకై కృషి చేస్తున్నది. ప్రఖ్యాత సంఖ్యాశాస్త్రవేత్త సి.ఆర్. రావు పేరిట హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణంలో వెలసిన పరిశోధన సంస్థలో గుప్తలేఖన శాస్త్రం ఒక ముఖ్య విభాగం. ‘స్వేచ్ఛ’ వంటి సంస్థలు స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును తెలుగువారికి చేరువ చేస్తున్నాయి.

2015 సెప్టెంబరులో కేంద్రప్రభుత్వం వెలువరించిన ఒక ముసాయిదా, పౌరులు తాము గుప్తీకరించిన సమాచారపు అసలు ప్రతిని 90 రోజులపాటు దాచి ఉంచాలని ప్రతిపాదించింది. విమర్శలు వెల్లువెత్తడంతో ఆ ముసాయిదాను ఉపసంహరించారు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత పౌరుల ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పింది. నేరగాళ్ళు కూడా తాళాలు వాడుతారన్నది నిజమే. అందుచేత ఇళ్ళకు తాళాలు ఉండరాదని ఎవరూ అనరు.

ఇక ఆ పెన్‌డ్రైవు విషయానికి వద్దాం. ఆ విద్యార్థి ఇటువంటి ప్రోగ్రామును రాసి తోటివారికి పంచదలిస్తే కొన్ని నియమాలు పాటించాలి. గుప్తీకరణ పద్ధతిని సొంతంగా కల్పించరాదు. పరీక్షకు నిలిచిన పద్ధతినే తీసుకోవాలి. మూలపాఠాన్ని, వాడే విధానాన్ని తేటతెలుగులో వివరించి జతచేయాలి. తాళం వేసిన తరువాత కూడా అసలు ఫైలు పక్కనే ఉండిపోతుందని, మామూలుగా చెరిపినంత మాత్రాన అది పూర్తిగా నశించదని హెచ్చరించాలి. అన్నింటికంటె ముఖ్యమైన హెచ్చరిక మరొకటి ఉంది. రహస్యవాక్యాన్ని మరచిపోతే, ప్రోగ్రాము రాసినవారు సైతం ఆ ఫైలును తెరవలేరు. అలాగని దానిని చీటీపై రాసి పెన్‌డ్రైవుకే అంటించడం, ఇంటికి తాళం వేసి చెవిని గడపమీద పెట్టడమే అవుతుంది. మరో ప్రతిని ఇంటివద్ద భద్రపరచి, రహస్యవాక్యాన్ని ఇంటిలో నమ్మకస్థులైన ఒక్కరికి తెలుపుట మేలు.

విద్యను దాచుకోరాదని, ఇచ్చినకొద్దీ పెరుగుతుందని పెద్దలు చెప్పారు. తాళం చేసే విద్య అటువంటిది. అందరికీ పంచినకొద్దీ తాళం గట్టిపడుతుంది. పంచకూడనిది చెవి ఒక్కటే. ఆ వివేకం కలిగిన నాడు, కరవు సీమలోని రైతుబిడ్డ కూడా తన ఇంటి కాగితాలకు తానే కావలి కాగలడు.

కఠిన పదాలకు అర్థాలు

గుప్తీకరణం : రహస్యలిపిగా మార్చడం
మెట్ట : నీటివసతి లేని భూమి
నకలు : ప్రతి
అనల్పం : తక్కువ కానిది, ఎక్కువైనది
యాదృచ్ఛికం : ముందుగా ఊహించలేనిది
మథించు : చిలుకు
ముసాయిదా : చిత్తుప్రతి
పృచ్ఛకుడు : అవధానంలో ప్రశ్నించేవాడు

ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ‘దాచవలసినది పద్ధతిని కాదు, తాళంచెవిని’ – పాఠం ఆధారంగా వివరించండి.
2. గుప్తీకరణ ప్రోగ్రాముల మూలపాఠాన్ని పంచడం వలన కలిగే ప్రయోజనాలను, దాని పరిమితులను చర్చించండి.

II. క్రింది ప్రశ్నలకు ఐదు పంక్తులలో సమాధానాలు రాయండి.
1. కటపయాది పద్ధతి గుప్తీకరణం ఎందుకు కాదు?
2. పీజీపీ మూలపాఠాన్ని పుస్తకంగా ముద్రించడంలోని ఆంతర్యం ఏమిటి?
3. ప్రోగ్రామును పంచేవారు తోటివారికి చేయవలసిన హెచ్చరికలు ఏవి?

III. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. కెర్కాఫ్స్ వృత్తి ఏది?
2. ఏ.ఇ.ఎస్. ప్రమాణంగా వెలువడిన సంవత్సరం ఏది?
3. గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు ఏనాడు తీర్పు చెప్పింది?