దోషవాక్యములు – పార్సరుల అన్వయరీతి

ప్రోగ్రాము భాషలోని వాక్యమును వ్యాకరణసూత్రముల ననుసరించి అన్వయించు సాధనమునకు పార్సరు అని పేరు. నిర్దుష్టవాక్యమును అది చదువు విధము పాఠ్యగ్రంథములలో సవిస్తరముగా నున్నది. దోషవాక్యము ఎదురైనపుడు అది యేమి చేయునన్నది పాఠపరిష్కర్తలమైన మనకు అంతకంటె ముఖ్యము.

1965లో డొనాల్డ్ క్నూత్ ప్రతిపాదించిన ఎల్.ఆర్. పద్ధతిలో పార్సరు ఎడమనుండి కుడికి చదువుచు, ఏ పదమును చేర్చినచో వాక్యము ఇక ఏవిధముగను పూర్తి కానేరదో ఆ పదమును స్వీకరింపక ఆగును. మన మీమాంసకుల పరిభాషలో అది ఆకాంక్ష భంగమైన చోటు. అది తప్పు జరిగిన చోటే కానక్కరలేదు. సి భాషలో సెమికోలన్ లోపించుట తరువాతి పదమును చూచినగాని తెలియదు; మూయని బ్రాకెట్టు ఒక్కొకప్పుడు గ్రంథాంతమున గాని బయటపడదు.

ఆగిన పిమ్మట సెమికోలన్ వంటి గుర్తు వచ్చువరకు నడుమనున్నదంతయు విడిచి, అచ్చటినుండి మరల చదువుట చిరకాలపు ఉపాయము. ‘పానిక్ మోడ్’ అని దానికి పేరు, తగిన పేరే. విడిచిన భాగములో ఒక నామప్రకటన యున్నచో, ఆ నామము కనబడిన ప్రతిచోటను లేని తప్పులు చూపబడును. అయినను హాని స్వల్పము: తప్పులు తెలియుటయే ప్రయోజనము గాని ఆ పాఠము నెవరును వాడరు.

పాఠములను గుర్తులతో భద్రపరచు భాషల విషయము వేరు. 1998నాటి ఎక్స్.ఎం.ఎల్. ప్రమాణము ప్రకారము, తెరచిన గుర్తును మూయకున్నచో పార్సరు మామూలు పఠనమును నిలిపివేయవలెను. 2014లో ప్రమాణముగా వెలువడిన హెచ్.టి.ఎం.ఎల్. 5 ఇందుకు విరుద్ధము. ఎట్టి దోషపాఠమునకైనను ఒక నిశ్చితరూపమును విధించును. ఉదాహరణకు, పట్టికలో గడికి వెలుపల పడిన మాటలను పార్సరు పట్టికకు ముందునకు జరుపును. పాఠాంతరములను పట్టికగా కూర్చిన పుటలో ఇట్లు జరిగినచో, ఒక పాఠభేదము తన పద్యమును విడిచి పైకి పోవును. బ్రౌజరు చదువరికి ఒక్క హెచ్చరికయైన చేయదు. వార్తాపుటలకు ఈ ఔదార్యము మేలే. ప్రాచీనపాఠములకు మాత్రము మొండిపట్టు గల పార్సరే శ్రేయస్కరమని నా అభిప్రాయము. 2007నాటి టి.ఇ.ఐ. ఐదవ రూపము ఎక్స్.ఎం.ఎల్. నాశ్రయించుట ఈ దృష్టితో సమంజసము.

అయితే ఆ పార్సరు చూచునది గుర్తుల పొందిక మాత్రమే. ఒక పాఠభేదమును వేరొక తాళపత్రప్రతికి ఆరోపించి, గుర్తులను సరిగా మూసినచో అది పలుకదు. ఆ పరిశీలన పరిష్కర్తయే చేయవలెను.