పికప్ బండికి మార్పులు చేయించు రైతులకు సూచనలు

కూరగాయలు, పండ్లు పండించు రైతులలో పలువురు నేడు సొంత పికప్ బండ్లు ఉంచుకొనుచున్నారు. అద్దె బండి కొరకు ఎదురుచూడ పనిలేదు; కోసిన సరకు ఆనాడే మార్కెట్టుకు చేరును. అయితే బండి ఇంటికి వచ్చిన కొలది దినములకే కమాను పట్టీలు పెంచుట, పక్క పలకలు ఎత్తు చేయించుట, ముందు ఇనుప గార్డు బిగించుట పరిపాటి అయినది. వీనిలో ఏది మేలో, ఏది కీడో తెలిసికొని పని చేయించవలెను.

బరువు లెక్క

రిజిస్ట్రేషన్ పత్రములో రెండు బరువులు ఉండును. ఒకటి ఖాళీ బండి బరువు; రెండవది సరకుతో కలిపి మించరాని మొత్తము బరువు. రెండవదాని నుండి మొదటిది తీసివేయగా మిగిలినదే మీరు వేయదగిన బరువు. డ్రైవరు, సహాయకుడు కూడ అందులోని వారే.

ఉదాహరణకు మొత్తము బరువు 3,000 కిలోలు, ఖాళీ బండి 1,600 కిలోలు అనుకొందము. మిగులునది 1,400. ఇద్దరు మనుషులకు 140 తీసివేసినచో 1,260. టమాటా పెట్టె 25 కిలోలు తూగినచో 50 పెట్టెలు వేయవచ్చును. ఇప్పుడు పలకలకు, గార్డుకు కలిపి 150 కిలోల ఇనుము బిగించితిరనుకొనుడు. ఇక వేయదగినవి 44 పెట్టెలే. డబ్బు పెట్టి చేయించిన మార్పు ప్రతి ప్రయాణములోను ఆరు పెట్టెలను తినివేయును.

కావున ఏ మార్పు చేయించినను, తరువాత ఖాళీ బండిని ఒకసారి కాటా వేయించి చూచుకొనవలెను.

కమాను పట్టీలు పెంచినచో

పట్టీలు చేర్చినచో బండి వెనుక భాగము కుంగదు. అందువలన బండికి బలము వచ్చినదని తోచును. కాని బ్రేకులు, టైర్లు, ఇరుసు, చట్రము పాతవే. వాని శక్తి పెరుగలేదు. పైగా కుంగని బండి అధిక బరువును కంటికి కనబడనీయదు.

మరొక చిక్కు కలదు. కొన్ని బండ్లలో వెనుక ఇరుసుకు ఒక కడ్డీతో కలిపిన బ్రేకు వాల్వు ఉండును. బండి ఎంత కుంగినదో చూచి, బరువునకు తగినట్లు అది వెనుక బ్రేకులకు ఒత్తిడి పంపును. పట్టీలు పెంచినచో బండి కుంగదు గనుక, బరువు తక్కువని వాల్వు పొరబడి ఒత్తిడి తగ్గించును. నిండు బండి దిగుడు రోడ్డున ఆగక ముందుకు పోవుటకు ఇది ఒక కారణము కాగలదు.

పలకలు, వెల్డింగు

పలకలు ఎత్తైనకొలది సరకు ఎత్తు పెరుగును; మలుపులలో బండి ఒరగును. బరువైన పెట్టెలను అడుగున, ఇరుసుకు ముందు వైపున పేర్చవలెను. బరువంతయు తోక వైపు పడినచో ముందు చక్రములు తేలికయై స్టీరింగు మాట వినదు.

చట్రమునకు వెల్డింగు చేయించరాదు; రంధ్రములు వేయించరాదు. అచ్చటనే పగులు మొదలగును.

చేయించదగినవి

తేలికైన గొట్టములతో టార్పాలిను కమ్ములు, తాళ్లు కట్టుటకు కొక్కెములు, పెట్టెలు జారకుండ అడుగున రబ్బరు చాప, రాత్రివేళ మెరయు పట్టీలు: వీని ఖర్చు తక్కువ, ఉపయోగము ఎక్కువ. టైర్లలో గాలి తయారీదారు సూచించినంత ఉండవలెను. గాలి తక్కువైనచో టైరు వేడెక్కి పగులును.

చట్టము

రిజిస్ట్రేషన్ పత్రములోని వివరములకు, తయారీదారు నిర్దేశమునకు భిన్నముగ బండిని మార్చుటను 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను నిషేధించుచున్నది. ముందు ఇనుప గార్డులపై చర్య తీసికొనవలెనని కేంద్రము 2017లో రాష్ట్రములకు సూచించినది. 2019 సవరణ ప్రకారము అధిక బరువునకు జరిమానా 20,000 రూపాయలు, ఆపై అదనపు టన్నుకు 2,000 రూపాయలు.

పలకలు ఎత్తైనవి గదా అని కూలీలను సరకు బండిలో ఎక్కించరాదు. ప్రమాదము జరిగినచో బీమా కంపెనీ పరిహారము నిరాకరించవచ్చును. ఆ భారము యజమాని మీద పడగలదు. పోయిన ప్రాణము ఏ పరిహారముతోను తిరిగిరాదు. కూలీలకు వేరుగ ప్రయాణికుల బండి ఏర్పాటు చేయవలెను.

సరకు ఎక్కువైననాడు రెండు సార్లు తోలుడు. రెండవసారికి అగు డీజిలు ఖర్చు, విరిగిన ఇరుసు ఖర్చుకన్న ఎంతో తక్కువ.