పసిబిడ్డ రక్తంలో చక్కెర

గర్భిణికి షుగరు ఉంటే, పుట్టిన బిడ్డకు చక్కెర పడిపోవచ్చు. ఎందుకు?

తల్లి రక్తంలోని చక్కెర మాయ ద్వారా బిడ్డకు చేరుతుంది. అది ఎక్కువైతే బిడ్డ ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువ తయారవుతుంది. బొడ్డు కోయగానే తల్లి ఇచ్చే చక్కెర ఆగిపోతుంది. ఇన్సులిన్ వెంటనే తగ్గదు. అందుకే బిడ్డకు చక్కెర పడిపోతుంది.

అప్పుడు బిడ్డ వణకవచ్చు. పాలు తాగక మబ్బుగా పడుకోవచ్చు. ఫిట్స్ రావచ్చు. ఒక్కోసారి ఏ గుర్తూ కనబడదు. బిడ్డ బొద్దుగా ఉందని మురిసి ఊరుకోవద్దు. మడమ దగ్గర చుక్క రక్తం తీసి పరీక్ష చేయించాలి.

"నర్సమ్మా, బిడ్డ నోట్లె జరంత తేనె వేద్దామా?" అంటుంది అమ్మమ్మ.

"వద్దమ్మా. తేనె, చక్కెర నీళ్లు పొయ్యొద్దు. గంటలోపే ముర్రుపాలు ఇయ్యాలె. రెండు మూడు గంటలకోసారి పాలియ్యాలె. బిడ్డను రొమ్ముకు హత్తుకొని వెచ్చగ ఉంచాలె."

"తల్లికి షుగరుంది గదా?"

"ఉన్నా పాలియ్యొచ్చు. పాలతోని షుగరు అంటదు."

పాలతో చక్కెర పెరగకపోతే డాక్టరు నరం ద్వారా గ్లూకోజు ఎక్కిస్తారు. ఆలస్యమైతే బిడ్డ మెదడు దెబ్బతినవచ్చు. అందుకే ఇంట్లో కాన్పు వద్దు. హనుమకొండలో ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి ఉంది. అత్యవసరమైతే 108కు ఫోన్ చేయాలి.

గర్భం తెలియగానే షుగరు పరీక్ష చేయించుకోవాలి. ఆరు, ఏడు నెలల మధ్య మళ్లీ చేయించుకోవాలి. 75 గ్రాముల గ్లూకోజు నీళ్లు తాగిన 2 గంటలకు రక్తం తీస్తారు. 140 లేదా ఆపైన ఉంటే షుగరు ఉన్నట్టు. కాన్పయిన ఆరు వారాలకు తల్లి మళ్లీ పరీక్ష చేయించుకోవాలి.

చర్చించండి:
1. బొడ్డు కోశాక బిడ్డకు చక్కెర ఎందుకు తగ్గుతుంది?
2. మీ వాడలో పుట్టిన బిడ్డకు మొదట ఏమి పోస్తారు? అది మంచిదేనా?