సముద్రం కూడా ఒకవైపు ఎత్తు, ఒకవైపు పల్లం!
(విజ్ఞాన వ్యాసం)



చెరువులో నీళ్ళు అన్ని వైపులా ఒకే మట్టంలో ఉంటాయి. సముద్రం కూడా అలాగే ఉంటాదని మనం అనుకుంటాం. కానీ పసిఫిక్ మహాసముద్రంలో ఇండోనేసియా వైపు నీళ్ళు, దక్షిణ అమెరికాలోని పెరూ దేశం వైపు నీళ్ళ కంటే సుమారు అర మీటరు ఎత్తుగా ఉంటాయి. అర మీటరు అంటే మన మోకాలి ఎత్తు. అంత పెద్ద సముద్రంలో మోకాలి ఎత్తు ఒక లెక్కా అనుకోకండి. మన వానలకి సంబంధించిన కబురు ఒకటి దానిలో ఉంది. ఆ కబురు చదవడం లోకానికి నేర్పిన వారిలో ముఖ్యమైన సముద్ర శాస్త్రవేత్త క్లౌస్ విర్ట్కి. ఆయన 1925లో పుట్టారు, 2013లో హవాయి దీవుల్లో చనిపోయారు.

నీళ్ళు ఒకవైపు ఎందుకు ఎత్తుగా ఉంటాయి?

అన్నం పళ్ళెంలో నీళ్ళు పోసి ఒక అంచు నుంచి గట్టిగా ఊదండి. ఎదుటి అంచు దగ్గర నీళ్ళు కొంచెం లేస్తాయి. ఊదడం ఆపండి. లేచిన నీళ్ళు వెనక్కి వచ్చేస్తాయి. పసిఫిక్‌లో జరిగేది కూడా ఇంచుమించు ఇదే.

భూమధ్యరేఖ దగ్గర వ్యాపార పవనాలు తూర్పు నుంచి పడమరకు వీస్తాయి. అవి ఎండకి వేడెక్కిన పైనీళ్ళని తోసుకుంటూ పోయి ఇండోనేసియా వైపు పోగు చేస్తాయి. అక్కడ నీళ్ళు వెచ్చగా ఉంటాయి, మబ్బులు బాగా పట్టి వానలు కురుస్తాయి. పెరూ వైపు పైనీళ్ళు పోయిన చోటికి అడుగు నుంచి చల్లని నీళ్ళు పైకి వస్తాయి. ఆ చల్లని నీళ్ళతో చేపల మేతకి కావలసిన ఎరువు కూడా వస్తాది. అందుకే పెరూ తీరంలో మన నెత్తళ్ళ జాతి చేపలు చాలా ఎక్కువ. 1970లో ఆ ఒక్క దేశమే కోటి టన్నులకు పైగా చేపలు పట్టింది.

ఎల్ నినో అంటే ఏమిటి?

కొన్ని సంవత్సరాలకు ఒకసారి పెరూ తీరంలో చల్లని నీళ్ళకు బదులు వెచ్చని నీళ్ళు వస్తాయి. క్రిస్మస్ రోజుల్లో వస్తాయి కాబట్టి అక్కడి జాలర్లు దానికి ఎల్ నినో అని పేరు పెట్టారు. స్పానిష్ భాషలో బాలుడు, అంటే బాల ఏసు అని అర్థం. పేరు ముద్దుగా ఉంది గాని పని ముద్దుగా ఉండదు. 1972లో పెద్ద ఎల్ నినో వచ్చింది. అప్పటికే చేపల్ని మితిమీరి పట్టేస్తున్నారు, దాని మీద ఇది కూడా వచ్చేసరికి పెరూలో చేపల వేట కూలిపోయింది. అదే సంవత్సరం మన దేశంలో పెద్ద కరువు వచ్చింది.

విర్ట్కి ఏం కనిపెట్టారు?

పెరూ దగ్గర గాలి తగ్గడం వల్లనే ఎల్ నినో వస్తాదని అంతకుముందు చాలామంది అనుకునేవారు. విర్ట్కి గాలి లెక్కలు తీసి చూశారు. పెరూ దగ్గర గాలి తగ్గనే లేదు! మార్పు వేల కిలోమీటర్ల అవతల, సముద్రం నడిమధ్యలో ఉంది. అక్కడ ఒక సంవత్సరం పైగా గాలులు మామూలు కంటే గట్టిగా వీచి పడమర వైపు నీళ్ళని బాగా పోగేశాయి. తర్వాత గాలి మెత్తబడింది. అప్పుడు పోగైన వెచ్చని నీళ్ళు, గెడ్డకి కట్టిన అడ్డుకట్ట తీసేసినట్టు, తూర్పుకి మళ్ళాయి. ఈ సంగతి ఆయన 1975లో ప్రకటించారు.

నీళ్ళు అలా మళ్ళేటప్పుడు వచ్చే అలను కెల్విన్ అల అంటారు. ఇది ఒడ్డున విరిగే అల లాంటిది కాదు. ఎత్తు చాలా తక్కువ, పొడవు వందల కిలోమీటర్లు. ఓడలో కూర్చున్నవాళ్ళకి అది కిందనుంచి పోయినా తెలియదు. పసిఫిక్ దాటడానికి దానికి రెండు మూడు నెలలు పడుతుంది.

కంటికి కనపడని దాన్ని ఎలా కొలిచారు?

పనిముట్టు చాలా సులువైనది. ఓడరేవులో నిలువుగా ఒక గొట్టం నిలబెడతారు. నీళ్ళు లోపలికి రావడానికి కింద చిన్న కన్నం ఉంటాది. కన్నం చిన్నది కాబట్టి బయట అలలు ఎగిరినా లోపల నీళ్ళు ఎగరవు. నీటి మీద ఒక తేలే వస్తువు ఉంటాది. అది లేస్తే, దిగితే, పైన ఉన్న కలం కాగితం మీద గీత గీస్తాది. ఆటుపోట్లు తీసేయడానికి నెల మొత్తం కొలతలకి సగటు కడతారు.

విర్ట్కి 1970లలో పసిఫిక్ దీవుల్లో ఇలాంటి కొలత కేంద్రాలను వరసగా పెట్టించారు. పడమర దీవుల్లో మట్టం దిగి, తూర్పు దీవుల్లో మట్టం లేస్తే వెచ్చని నీళ్ళు బయలుదేరాయని అర్థం. పెద్ద ఎల్ నినో వచ్చినప్పుడు సమోవా దీవుల్లో సముద్రం ఎంత దిగిపోతాదంటే, పగడపు దిబ్బలు బయటపడి చచ్చి వాసన వేస్తాయి. అక్కడివాళ్ళు దాన్ని తైమాసా అంటారు. కంపు కొట్టే సముద్రం అని అర్థం.

ఒకసారి ఎల్ నినో వస్తాదని ముందే అంచనా వేసి, 1975లో విర్ట్కి బృందం ఓడలో కొలతలకి వెళ్ళింది. నీళ్ళు కొంచెం వెచ్చబడి ఊరుకున్నాయి, పెద్దది రాలేదు. ఆ సంగతి వాళ్ళు దాచలేదు. 1976లో ఉన్నది ఉన్నట్టు రాశారు. తర్వాత 1982లో చాలా పెద్దది వచ్చింది, కానీ ముందుగా ఎవరూ పట్టుకోలేకపోయారు. దానితో కొన్ని దేశాలు కలిసి పసిఫిక్‌లో సుమారు 70 కొలత తేలికలను లంగరు వేసి నిలబెట్టాయి. ఆ పని 1994 చివరకి పూర్తయింది.

మన హిందూ మహాసముద్రంలో

ఇక్కడ గాలి ఆరు నెలలకు ఒకసారి దిక్కు మారుస్తాది. గాలి మారే రోజుల్లో, అంటే ఏప్రిల్–మే నెలల్లో, అక్టోబరు–నవంబరు నెలల్లో, భూమధ్యరేఖ వెంట ఆఫ్రికా వైపు నుంచి సుమత్రా వైపు ఒక సన్నని ప్రవాహం పరుగెడుతుంది. మనిషి నడక వేగంతో పోతుంది. దాన్ని 1973లో వివరించింది కూడా విర్ట్కియే. అందుకే దానికి విర్ట్కి ప్రవాహం అని పేరు. వెచ్చని నీళ్ళని అది తూర్పుకి మోస్తాది.

కొన్నిసార్లు ఈ ప్రవాహం బలం తగ్గి, వెచ్చదనం ఆఫ్రికా వైపే ఎక్కువవుతుంది. హిందూ మహాసముద్రంలో తూర్పు పడమరల మధ్య జరిగే ఈ మార్పుకి 1999లో శాస్త్రవేత్తలు డైపోల్ అని పేరు పెట్టారు. వారిలో గోస్వామి, వినయచంద్రన్ గార్లు మన దేశం వారే.

మనకి దీనితో ఏం పని?

మన కొండల్లో చోళ్ళు, సామలు, కొండ వరి వాన మీదే బతుకుతాయి. ఎల్ నినో వచ్చినప్పుడు మబ్బులు పట్టే చోటు పసిఫిక్ మధ్యకి జరిగిపోతాది. మన వైపు గాలి పైకి లేవడం తగ్గి వాన తగ్గుతుంది. 2002లో, 2009లో అలాగే కరువు వచ్చింది. 2023 ఆగస్టులో దేశం మొత్తం మీద కురిసిన వాన, 1901 నుంచి వచ్చిన ఆగస్టులన్నిటిలో తక్కువ.

అయితే 1997లో చాలా పెద్ద ఎల్ నినో ఉన్నా మన దేశంలో వాన మామూలుగానే కురిసింది. ఆ సంవత్సరం హిందూ మహాసముద్రం డైపోల్ మనకి సాయం చేసిందని చెబుతారు. కాబట్టి రేడియోలో ఎల్ నినో అని వినగానే "ఈ ఏడు వానలు లేవట" అని ఎవరైనా అంటే, భయపడి విత్తనాలు అమ్ముకోకూడదు. అలాగని పట్టించుకోకుండానూ ఉండకూడదు. కొంచెం వానకే పండే సామలు, చోళ్ళ విత్తనం ఎక్కువ దాచుకోవడం మంచిది. చదువుకున్న మనం ఈ తేడాని ఇంట్లో పెద్దలకి చెప్పాలి.

గుర్తుంచుకోండి

1. గాలి నీళ్ళని తోస్తాది. నీళ్ళ వెచ్చదనం తిరిగి గాలిని, మబ్బుని మారుస్తాది.
2. ఎల్ నినో కరువు వచ్చే అవకాశం పెంచుతాది. కరువు తప్పదని కాదు.

ప్రశ్నలు

1. గొట్టం కింద కన్నం పెద్దగా ఉంటే ఏమవుతుంది?
2. పెరూ దగ్గర నీళ్ళు వెచ్చబడితే చేపలు ఎందుకు తగ్గుతాయి?

జవాబులు కాగితం మీద రాసి సైన్సు టీచరు గారికి ఇవ్వండి.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని