ఆటకు సెలవిచ్చిందెవరు?

చి. అమ్మలుకు,



నీ రాతప్రతి ఆసాంతం చదివాను. ఈ పుస్తకం మానుకోవద్దు తల్లీ, కానీ ఈ రూపంలో మాత్రం అచ్చుకు ఇవ్వద్దు. ఆఫీసులో ఆట ఉంటే కొత్త ఆలోచనలు వాటంతటవే పుడతాయని అధ్యాయానికో కంపెనీ కథ చెప్పి రుజువు చేయబోయావు. ప్రతి కథా గెలుపుతోనే ముగిసింది. ఆడి ఆడి ఏమీ దొరక్క ఊరికే ఇంటికి పోయినవాళ్లు ఇందులో ఒక్కరూ కనిపించలేదు. వాళ్లను వదిలేస్తే నీ వాదానికి బలం లేదు.

ముందుమాటలో డచ్చి చరిత్రకారుడు యోహాన్ హౌజింగా పేరు ఎత్తావు. 1938లో ఆట గురించి అంత పెద్ద పుస్తకం రాసిన ఆయన పెట్టిన మొదటి షరతే స్వేచ్ఛ. ఎవరో ఆజ్ఞాపిస్తే ఆడేది ఆట కాదంటాడు. నువ్వేమో ఐదో అధ్యాయంలో హాజరు వేసి మరీ ఆడించే ఫన్ ఫ్రైడేలను మెచ్చుకున్నావు. ఇంతకుముందు నువ్వు పనిచేసిన చోట శుక్రవారం సాయంత్రం పని సగంలో ఆపించి అంత్యాక్షరి ఆడించేవారనీ, ఆ సగం పని పూర్తి చేసేసరికి రాత్రయ్యేదనీ నాతో ఫోన్‌లో చెప్పావు. ఆరోజు నీ గొంతులో ఉన్న విసుగు ఈ అధ్యాయంలో ఏమైంది? నీ పుస్తకానికి అసలు సరుకు ఆ విసుగే.

భౌతికశాస్త్రవేత్త ఆండ్రీ గైమ్ కథకు నువ్విచ్చింది ఒక్క పేరా. నన్నడిగితే అదే పుస్తకానికి గుండెకాయ. ఆయన నెదర్లాండ్స్‌లోని నైమెగన్‌లో ఉన్నప్పుడు ఒక శుక్రవారం రాత్రి ప్రయోగశాలలోని భారీ విద్యుదయస్కాంతాన్ని పూర్తి బలంతో నడిపి, అందులో నీళ్లు పోశాడు. ఖరీదైన యంత్రంలో నీళ్లు పోయడం ఏ పాఠ్యపుస్తకమూ చెప్పని పని. నీళ్లు కిందకి కారిపోలేదు, బంతులై గాలిలో తేలాయి. తర్వాత ఒక కప్పను తేల్చి చూపించారు. దానికి 2000లో నవ్వు పుట్టించే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ వచ్చింది. మాంచెస్టర్ వెళ్లాక, గ్రాఫైట్ ముక్కను శుభ్రం చేయడానికి అతికించి పీకి పారేసే టేపు మీద మిగిలిన పొరలను పరీక్షించి, ఒకే పరమాణువు మందం ఉన్న గ్రాఫీన్‌ను వేరుచేశారు. 2004లో ఆ సంగతి లోకానికి తెలిసింది. 2010లో ఆయనకూ, శిష్యుడు నొవొసెలొవ్‌కూ భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

ఇంతవరకు నువ్వూ రాశావు. నువ్వు వదిలేసింది గైమ్ తన నోబెల్ ఉపన్యాసంలో స్వయంగా చెప్పుకున్న లెక్క. సుమారు 15 ఏళ్లలో ఇలాంటి పక్కదారి ప్రయోగాలు రెండు డజన్ల దాకా చేస్తే చాలావరకు దారుణంగా విఫలమయ్యాయి, మూడు ఫలించాయి. ఆ మిగతా ఇరవై చిల్లర ప్రయోగాలకు గది ఎవరిచ్చారు? కరెంటు ఖర్చు ఎవరు భరించారు? కుర్రవాళ్ల నెలలు వృథా అయినప్పుడు వాళ్ల చదువుకు అడ్డు రాకుండా ఎవరు చూసుకున్నారు? ఆడినవాళ్ల కంటే ఆడనిచ్చినవాళ్ల గురించి రాస్తే నీ పుస్తకం నీదవుతుంది. ఆట గొప్పదని ఇప్పటికే చాలామంది రాశారు.

అలా చూస్తే నీ దగ్గర ఉన్న పాత కథలు కూడా వేరేగా కనిపిస్తాయి. త్రీఎమ్ కంపెనీలో స్పెన్సర్ సిల్వర్ గట్టిగా అంటుకోని జిగురును 1968లో తయారుచేశాడు. చర్చి పాటల పుస్తకంలో గుర్తుకు పెట్టిన కాగితాలు జారిపోతున్నాయని సహోద్యోగి ఆర్ట్ ఫ్రైకి ఆ జిగురు గుర్తొచ్చింది 1974లో. పోస్ట్‌-ఇట్ పేరుతో ఆ జిగురు చీటీలు అమెరికా అంతటా అమ్మకానికొచ్చింది 1980లో. పన్నెండేళ్లు! నువ్వు దాన్ని ఒక మెరుపులాంటి ఆలోచనగా రాశావు. అన్నాళ్లు ఆ జిగురును చెత్తబుట్టలో పడనివ్వని ఓర్పు గురించి రాయి.

మనవాళ్లలో ఎవరినైనా చేర్చమని అడిగావు. సి.వి. రామన్‌ను తీసుకో. బాల్యం విశాఖపట్నంలో గడిపినవాడని కాదు, నీ ప్రశ్నకు ఆయన జీవితం సరిగ్గా అతుకుతుందని చెబుతున్నాను. 1907 నుంచి పదేళ్లపాటు ఆయన ఆర్థికశాఖ ఉద్యోగి. ఎక్కువ కాలం కలకత్తాలోనే ఉండి, ఆఫీసుకు ముందూ తర్వాతా బౌబజార్‌లోని పరిశోధన సంఘంలో గడిపేవాడు. వయొలిన్ తీగలు, మృదంగం, తబలా నాదాలు ఎలా పలుకుతాయో పట్టుకోవాలని చూశాడు. ఆ ఆటకు ఆయన కొలువు చేసిన సర్కారు కచేరీ చోటివ్వలేదు. 1876లో మహేంద్రలాల్ సర్కార్ అనే వైద్యుడు చందాలు పోగుచేసి నెలకొల్పిన సంఘం ఇచ్చింది. ఆ డాక్టరు 1904లోనే పోయాడు, రామన్‌ను చూడనైనా లేదు. ఎవరు వచ్చి వాడుకుంటారో తెలియకుండానే ఒక గదీ, పరికరాలూ సిద్ధం చేసి వెళ్లిన మనిషి. నాకైతే ఆయన కోసమే ఒక అధ్యాయం చదవాలని ఉంది.

ఇంకొకటి. నీ పుస్తకంలో ఆడేవాళ్లంతా ఇంజనీర్లూ డిజైనర్లే. అదే భవనంలో రాత్రి షిఫ్టు చేసే కాంట్రాక్టు కుర్రాడికీ, కాల్‌సెంటర్‌లో టాయిలెట్‌కు వెళ్లినా నిమిషాలు లెక్కపెట్టే అమ్మాయికీ ఆ వెసులుబాటు ఉందా? వాళ్ల దగ్గర కొత్త ఆలోచనలు లేవని నేను నమ్మను. టయోటా 1951లోనే కార్మికుల సూచనలు తీసుకునే పద్ధతి మొదలుపెట్టింది, అది ఎలా నడిచిందో చదువు. ఆ తర్వాత హైదరాబాద్‌లో ఒక్క చోటు ఎంచుకుని, వారం పది రోజులు అక్కడ కూర్చో. మేనేజర్ ఎదురుగా లేనప్పుడు మాట్లాడు. ఏం ప్రయత్నించి వదిలేశారో అడుగు, ఎందుకు వదిలేశారో అడుగు.

పదకొండో అధ్యాయంలోని పది సూత్రాల పట్టికను తీసెయ్. ఐదో అధ్యాయాన్ని నీ సొంత అనుభవంతో మళ్లీ రాసి ముందు నాకు పంపు, దసరాకు వచ్చేలోగా అయితే ఇద్దరం కూర్చుని చూసుకుందాం. గడువు సంగతి బెంగపెట్టుకోకు. ప్రచురణకర్తతో నేను మాట్లాడి ఇంకో ఏడాది అడుగుతాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య