పలకని స్వరములు: పియానో విద్వాంసుడు అహ్మద్ జమాల్

ముషాయిరాలు విన్న విద్యార్థులకు ఒక అనుభవము ఉండే ఉంటుంది. కవి షేర్‌లోని మొదటి మిస్రాను చదివి ఆగుతాడు. ఆ క్షణకాలపు మౌనములోనే రెండవ మిస్రా కొరకు సభలో ఆరాటము పెరుగుతుంది. అమెరికా దేశపు జాజ్ సంగీతములో ఇట్టి మౌనమునకు స్వరముతో సమానమైన స్థానమిచ్చిన కళాకారుడు అహ్మద్ జమాల్.

ఆయన 1930 జూలై 2న పిట్స్‌బర్గ్ నగరములో ఒక నల్లజాతి కుటుంబమున జన్మించారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఫ్రెడరిక్ రస్సెల్ జోన్స్. మూడవ యేటనే పియానో మెట్లపై వ్రేళ్ళు ఆడించిన ఆ బాలునికి మేరీ కార్డ్‌వెల్ డాసన్ అను విదుషీమణి వద్ద శాస్త్రీయ శిక్షణ లభించినది. 1950లో ఇస్లామును స్వీకరించి, పేరు మార్చుకున్నారు. జమాల్ అనగా సౌందర్యమని ఉర్దూ తెలిసిన పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ కాలమున జాజ్ వాద్యకారులలో వేగమునకు గొప్ప ప్రతిష్ఠ ఉండేది. ఎన్ని స్వరములు ఎంత త్వరగా పలికించిన అంత ఘనత. జమాల్ నాలుగు స్వరములు మీటి, చేతులు వెనుకకు తీసుకొని, తోడి వాద్యములకు చోటు విడిచేవారు. శ్రోత వేచియుండగా అనుకోని చోట మరల ప్రవేశించేవారు. కొందరు విమర్శకులు దీనిని హోటళ్ళలో కాలక్షేపపు వాద్యమని తేలిక చేశారు. ప్రఖ్యాత ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ మాత్రము తన బృందములోని పియానిస్టును జమాల్ వలె వాయించమని కోరేవారు. ఈ విషయమున విమర్శకుల చెవికంటె వాద్యకారుని చెవియే నిశితమైనదని నా అభిప్రాయము.

1958 జనవరిలో షికాగోలోని పెర్షింగ్ హోటలులో, బాస్ వాద్యముపై ఇజ్రాయెల్ క్రాస్బీ, డ్రమ్ములపై వెర్నెల్ ఫోర్నియర్ తోడుగా ఆయన చేసిన కచేరీ రికార్డు చేయబడినది. ఆ రాత్రి నమోదైన 43 అంశములలో ఆయన ఎనిమిదింటినే ఎంచుకున్నారు! వాయించునప్పటి పొదుపే ఎంపికలోనూ కనబడుతుంది. అందులోని ‘పాయిన్సియానా’ ఎనిమిది నిమిషములు సాగుతుంది. ఫోర్నియర్ ఒకే లయను విడువక నడుపుతుండగా, పియానో దానిపై వచ్చి వాలుతూ, ఎగిరిపోతూ ఉంటుంది. ఆ రికార్డు రెండు సంవత్సరములకు పైగా అమ్మకాల పట్టికలో నిలిచినది.

ఆ ధనముతో ఆయన షికాగోలో ‘అల్‌హంబ్రా’ అను భోజనశాలను, సంగీతశాలను తెరచి, అందు మద్యము అమ్మకూడదని నిర్ణయించారు. జాజ్ శాలలు చాలవరకు మద్యపు రాబడిపైననే బ్రతికే రోజులవి. అది ఎంతో కాలము నిలువలేదు. 1962లో ఆ ముగ్గురి బృందము విడిపోయినది. అదే యేట క్రాస్బీ మరణించారు. జమాల్ కొన్నేళ్ళు వేదికలకు దూరముగా ఉండి, తిరిగి వచ్చి, దశాబ్దముల పాటు వాయించారు. 1994లో అమెరికా ప్రభుత్వ కళానిధి ఆయనను జాజ్ మాస్టరుగా గౌరవించినది. జాజ్ అను మాట మాత్రము ఆయనకు నచ్చేది కాదు. తనది అమెరికా శాస్త్రీయ సంగీతమనేవారు.

2023 ఏప్రిల్ 16న, 92వ యేట ఆయన కన్నుమూశారు. అంతకు నాలుగేళ్ళ ముందు వెలువడిన ‘బల్లాడ్స్’ అను సంపుటిలో మరల ‘పాయిన్సియానా’ వినబడుతుంది. ఈసారి డ్రమ్ములు లేవు. పాత రికార్డు విన్నవారికి ఆ లయ మనస్సులోనే మ్రోగుతుంది.